రక్తరసికి బదులు నాచు సారం: పాడి రైతు తెలుసుకోదగిన సంగతులు

(గ్రామ సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం పేరు వినగానే మీలో కొందరు నవ్వుకుని ఉంటారు. జీవకణాలను నాచు సారంతో పెంచడానికీ, మన పశువుల కొట్టానికీ ఏం సంబంధం అని తోచడం సహజం. వెన్న శాతం గురించో, దాణా ధర గురించో, చూడి కట్టని గేదెల గురించో చెబితే బాగుండునని అనుకుని ఉంటారు. అయితే ఏడాదికి రెండుసార్లు మీ పశువుకు వేసే గాలికుంటు టీకా ఎలా తయారవుతుందో తెలుసుకుంటే ఆ సంబంధం దానంతట అదే తేటపడుతుంది. కనుక టీకాతోనే మొదలుపెడతాను.

గాలికుంటు మనకు చేసే నష్టం

గాలికుంటు సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నోట్లో పుళ్లు, చొంగ కారడం, గిట్టల మధ్య పుండ్లు, జ్వరం. మేత ముట్టదు, పాలు ఒక్కసారిగా పడిపోతాయి. లేగదూడలైతే గుండె దెబ్బతిని ఉన్నట్టుండి చచ్చిపోతాయి. పెద్ద పశువు బతికి బట్టకట్టినా, కొన్ని ఆ తరువాత ఎండకు తట్టుకోలేక రొప్పుతూనే ఉంటాయి. తగ్గిన పాలు ఆ ఈతలో మళ్లీ పూర్తిగా రావు. రోగం ఊళ్లోకి వస్తే ఒక్క ఇంటితో పోదు. కేంద్రానికి వచ్చే పాలు మొత్తం మీద పడిపోతాయి.

ఈ రోగానికి మూలం సూక్ష్మక్రిముల కంటె కూడా చిన్నదైన వైరస్ అని 1898లో జర్మనీలో లోఫ్లర్, ఫ్రాష్ అనే శాస్త్రజ్ఞులు తేల్చారు. ఇందులో 7 రకాలు ఉన్నాయి. ఒక రకానికి వేసిన టీకా ఇంకొక రకాన్ని ఆపదు. మన దేశంలో తిరిగేవి ఓ, ఎ, ఆసియా-1 అనే 3 రకాలు. అందుకే మనం వేసే టీకాలో ఈ మూడూ కలిపి ఉంటాయి.

2019 సెప్టెంబరులో మధురలో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమం కింద ఆవులకూ గేదెలకూ 6 నెలలకొకసారి ఈ టీకాను ఉచితంగా వేయాలని నిర్ణయించారు. 2030 నాటికి దేశంలో ఈ రోగాన్ని నిర్మూలించాలన్నది లక్ష్యం. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం మన దేశంలో ఆవు జాతి పశువులు 19 కోట్ల పైచిలుకు, గేదెలు దాదాపు 11 కోట్లు. అన్నిటికీ ఏడాదికి రెండు మోతాదులంటే ఎంత టీకా కావాలో మీరే లెక్క వేసుకోండి. దాదాపు 60 కోట్ల మోతాదులు!

టీకా ఎక్కడ పెరుగుతుంది?

వైరస్ అనేది గడ్డి మీద, దాణా మీద పెరగదు. ప్రాణమున్న కణంలో మాత్రమే పెరుగుతుంది. కాబట్టి టీకా చేయాలంటే ముందు బోలెడు వైరస్ కావాలి. వైరస్ కావాలంటే బోలెడు జీవకణాలు కావాలి.

పూర్వం ఇందుకోసం పశువుల మీదనే ఆధారపడేవారు. 1947లో హాలెండులో ఫ్రెంకెల్ అనే శాస్త్రజ్ఞుడు, కబేళాలో కోసిన పశువుల నాలుకల పైపొరను తెచ్చి, సీసాలలో కొద్ది రోజులు ప్రాణంతో ఉంచి, అందులో వైరస్‌ను పెంచే పద్ధతి కనిపెట్టాడు. అది గొప్ప ముందడుగే. కాని రోజూ నాలుకలు కావాలి.

1960ల మొదట్లో గ్లాస్గోలో చిట్టెలుక జాతికి చెందిన హామ్‌స్టర్ అనే జంతువు పిల్లల మూత్రపిండం నుంచి తీసిన కణాలను సీసాలో తరతరాలుగా పెంచగలిగారు. వాటికి బి.హెచ్.కె.-21 అని పేరు. 1962లో ఇంగ్లండులోని పిర్‌బ్రైట్‌లో ఈ కణాలలో గాలికుంటు వైరస్ చక్కగా పెరుగుతుందని కనుగొన్నారు. అప్పటి నుంచి, పెద్ద పెద్ద ఉక్కు పీపాలలో పోషక ద్రవం పోసి, అందులో ఈ కణాలను తేలుతూ పెరగనిచ్చి, తరువాత వైరస్‌ను వదిలి, అది పెరిగాక మందుతో చంపి టీకా చేస్తున్నారు. మన హైదరాబాదులో జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ 1982లో స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేసే గాలికుంటు టీకా కూడా ఈ కణ వర్ధనం పునాది మీద నిలిచినదే.

ఈ కణ వర్ధనం గొప్పతనానికి ఇంకొక్క ఉదాహరణ చాలు. మన తాతల కాలంలో మందలకు మందలను ఊడ్చేసిన ముసర వ్యాధి ఇప్పుడు లేదు. దూడ మూత్రపిండ కణాలలో పెంచిన టీకాను వాల్టర్ ప్లౌరైట్ అనే పశువైద్య శాస్త్రజ్ఞుడు 1960 ప్రాంతంలో కెన్యాలో రూపొందించాడు. ముసర నిర్మూలనకు అదే ముఖ్య ఆయుధమైంది. 2006లో మన దేశానికి ముసర రహిత గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం నుంచే ఆ రోగం పోయినట్లు ప్రకటించారు.

రక్తరసి అంటే ఏమిటి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. పీపాలోని కణాలకు మేత ఏమిటి? చక్కెర, లవణాలు, ఎమైనో ఆమ్లాలు, విటమిన్లు కలిపిన నీరు. అది మాత్రమే పోస్తే చాలా రకాల కణాలు బతకవు, బతికినా పెరగవు. దానికి రక్తరసి కలపాలి.

పెరుగు తోడుకున్నాక కాసేపటికి పైన పచ్చని తేట చేరడం మీరు రోజూ చూస్తారు. రక్తం గడ్డకట్టినా అలాగే గడ్డ అడుగున నిలిచి, పైన ఎండుగడ్డి రంగు తేట వస్తుంది. అదే రక్తరసి. దీన్నే సీరం అంటారు. కణాలు పెంచే ద్రవంలో నూరు పాళ్లకు 5 నుంచి 10 పాళ్లు, ఒక్కొక్కసారి 20 పాళ్లు కూడా దీన్ని కలుపుతారు.

రక్తరసి రెండు రకాల పనులు చేస్తుంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, తరువాత అవసరం వస్తుంది. మొదటిది పోషణ. మాంసకృత్తులు, కొవ్వులు, ఇనుము, సెలీనియం వంటివి అందిస్తుంది. రెండవది ఆజ్ఞ. రక్తరసిలో ఇన్సులిన్ వంటి హార్మోనులు, పెరుగుదల కారకాలు అతి స్వల్పంగా ఉంటాయి. "ఇక విభజన చెందు, రెండుగా మారు" అని కణానికి చెప్పేవి అవే. మీ గేదె ముందు ఎంత మేత వేసినా, దూడ పొదుగు కుమ్మకపోతే, లేదా అలవాటైన చెయ్యి తగలకపోతే చేపదు కదా! మేత వేరు, చేపు వేరు. కణం విషయంలోనూ అంతే. పోషణ వేరు, పెరగమనే ఆజ్ఞ వేరు. రక్తరసిలో ఈ రెండూ ఉన్నాయి కనుకనే దానికంత గిరాకీ.

ఆ రక్తరసి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది చెప్పడానికి నోరు రాదు గాని, దాచడం మంచిది కాదు. అన్నిటిలోకీ శ్రేష్ఠమైనదిగా ఎంచేది తల్లి కడుపులో ఉన్న దూడ రక్తరసి. 1958లో అమెరికాలో థియొడోర్ పక్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని వాడుకలోకి తెచ్చాడు. విదేశాలలో మాంసానికి కోసిన పశువు చూడితో ఉన్నదని తేలితే, గర్భంలోని పిండం గుండెలో సూది గుచ్చి రక్తం తీస్తారు. 3 నెలల పిండం నుంచి సుమారు 150 మిల్లీలీటర్లు, 6 నెలల పిండం నుంచి సుమారు 350 మిల్లీలీటర్లు రక్తరసి వస్తుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. నూటికి 10 పాళ్ల చొప్పున 1,000 లీటర్ల పీపాకు 100 లీటర్ల రక్తరసి కావాలి. 6 నెలల పిండాల లెక్కన అది 285కు పైగా దూడల మాట. 2002లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏడాదికి 5 లక్షల లీటర్ల పిండ రక్తరసి తీస్తున్నారు. అందుకు 10 లక్షలకు పైగా పిండాలు కావలసి వస్తున్నాయి.

గాలికుంటు టీకాకు సామాన్యంగా పెద్ద పశువుల రక్తరసి వాడుతూ వచ్చారు గనుక పై లెక్క దానికి నేరుగా వర్తించదు. అయితే ఇక్కడ వేరే చిక్కు ఉంది. రోగం తిరిగే దేశంలో, టీకాలు పడిన పశువుల రక్తరసిలో గాలికుంటు వైరస్‌ను అణచే ప్రతిరక్షకాలు ఉంటాయి. దాన్ని అలాగే కలిపితే పీపాలో పెంచవలసిన వైరస్‌నే అది అణచేస్తుంది. కనుక ముందుగా దాన్ని శుద్ధి చేయాలి.

మిగతా చిక్కులు మూడు. ఒకటి, ఏ రెండు విడతల రక్తరసీ ఒకేలా ఉండదు. రెండు ఊళ్ల పాలు ఒకే వెన్న శాతం చూపిస్తాయా? ఇదీ అంతే. పశువు, మేత, కాలం మారితే రక్తరసీ మారుతుంది. రెండు, పశువు నుంచి వచ్చినది కనుక పశువు రోగాలు కూడా వెంట వస్తాయి. 1986లో బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధి బయటపడ్డాక ఏ దేశపు రక్తరసి కొనాలన్న విషయంలో కట్టుదిట్టాలు పెరిగాయి. 1999లో హాలెండులో వేరొక పశురోగానికి వేసిన సజీవ టీకాలో, పారుడు రోగం కలిగించే బి.వి.డి. వైరస్ కలిసిపోయి పాడి మందలు జబ్బుపడ్డాయి. ఆ వైరస్ కణ వర్ధనంలోకి చేరే దారులలో పశువుల రక్తరసి ముఖ్యమైనది. మూడు, ధర. సరఫరా మాంసం వ్యాపారం మీద ఆధారపడుతుంది. పశువుల సంఖ్య తగ్గితే, ఎక్కడైనా రోగం వస్తే ధర పెరుగుతుంది. మన రెండు రాష్ట్రాలలోనూ 1977 చట్టం గోవధను నిషేధించింది. ప్రయోగశాలలు వాడే పిండ రక్తరసి చాలావరకు విదేశాల నుంచి తెప్పించుకోవలసిందే.

నాచు ఎలా వచ్చింది?

ఈ చిక్కులు చూసి శాస్త్రజ్ఞులు ప్రత్యామ్నాయాలు వెదుకుతూనే ఉన్నారు. 1976లో గార్డన్ శాటో బృందం రక్తరసికి బదులు హార్మోనులు విడివిడిగా కలిపి కణాలను పెంచవచ్చని చూపింది. 1980లో అమెరికాలో క్లాగ్స్‌బ్రన్ అనే శాస్త్రజ్ఞుడు ఏం వాడాడో తెలుసా? మన జున్నుపాలు! ఆవు జున్నుపాలతో, రక్తరసి లేకుండానే, కొన్ని రకాల కణాలు చాలాకాలం పెరిగాయి. మరికొన్ని రకాలు పెరగలేదు. ఒక కణానికి సరిపడినది మరొక దానికి సరిపడదన్న పాఠం అప్పుడే తెలిసింది.

ఆ వరసలో వచ్చినదే సూక్ష్మ నాచు. తొట్టి గోడలకు పట్టే పాచిని మీరెరుగుదురు. అటువంటి వాటిలో కంటికి కనబడనంత చిన్నవి, ఒకే కణం గలవి ఉన్నాయి. క్లోరెల్లా అనేది ఒకటి. దీన్ని 1890లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ వర్ణించాడు. ఎండబెట్టిన క్లోరెల్లాలో సగానికి పైగా మాంసకృత్తులే ఉంటాయి. స్పిరులినా పేరు మీలో చాలామంది వినే ఉంటారు. శాస్త్రం ప్రకారం అది నీలి ఆకుపచ్చ జాతి సూక్ష్మజీవి. అందులో మాంసకృత్తులు ఇంకా ఎక్కువ. వీటికి పొలం అక్కరలేదు. నీరు, ఎండ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు, కొద్దిగా లవణాలు చాలు. పశువు వైరస్‌లు వీటిలో పెరగవు.

సారం తీసే పద్ధతి మోటుగా చెబుతాను. తొట్టెలలో నాచును పెంచుతారు. వెన్న తీసే యంత్రం పాలను తిప్పినట్లే గిరగిర తిప్పి నాచును నీటి నుంచి వేరుచేస్తారు. క్లోరెల్లా కణానికి గట్టి గోడ ఉంటుంది. వేడితోనో, ఆమ్లంతోనో, ఎంజైములతోనో, ధ్వని తరంగాలతోనో ఆ గోడను పగలగొడతారు. లోపలి సారాన్ని వడగట్టి, పులుపు సరిచేసి, సూక్ష్మక్రిములు కూడా దూరలేని జల్లెడ గుండా పోనిచ్చి, కణాల ద్రవంలో కలుపుతారు.

ఇంతవరకూ తేలినదేమిటి?

2020లో సింగపూర్ పరిశోధకులు క్లోరెల్లా సారం రక్తరసికి ప్రత్యామ్నాయంగా పనికివస్తుందనీ, జంతు కణాల పెరుగుదలకు తోడ్పడుతుందనీ ప్రకటించారు. 2022లో జపాన్‌లో టోక్యో మహిళా వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఆవు కండరం నుంచి తీసిన కణాలను క్లోరెల్లా సారంతో పెంచిన వివరాలు ప్రచురించారు. 2023లో జపాన్ పరిశోధకులే మరొక అడుగు వేశారు. రక్తరసి లేకుండా, ధాన్యం నుంచి తీసిన చక్కెర కూడా లేకుండా ఆవు కండర కణాలను పెంచారు. అయితే ఎలా? పోషణ కోసం నాచు సారం వాడారు. పెరగమనే ఆజ్ఞ కోసం మాత్రం, వేరేచోట పెంచిన ఎలుక కాలేయ కణాలు విడిచిన పెరుగుదల కారకాలను వాడారు.

నేనిందాక గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడే అవసరం. నాచు మేతను ఇవ్వగలదని తేలింది. చేపును పూర్తిగా ఇవ్వగలదని తేలలేదు. కనుక "నాచు వచ్చింది, రక్తరసి పోయింది" అని ఎవరైనా అంటే నమ్మకండి. రక్తరసి పాలు తగ్గించగలదు, హార్మోనులు తోడైతే మానిపించనూగలదు అన్నంతవరకు సరైన మాట.

ఇంకా కొన్ని కష్టాలున్నాయి. ఎండ, నీరు, కాలం మారితే నాచు సారమూ మారుతుంది. రక్తరసికి ఉన్న లోపమే దీనికీ కొంత ఉందన్నమాట. నాచు నీటిలోని సీసం వంటి లోహాలను పీల్చుకుంటుంది. నీలి ఆకుపచ్చ జాతిలో జ్వరం కలిగించే పదార్థాలు ఉండవచ్చు. మోతాదు మించితే పెరగవలసిన కణాలే చస్తాయి. ఇవన్నీ పరీక్షించాలి. మరో మాట, గాలికుంటు టీకాకు వాడే బి.హెచ్.కె. కణాలను రక్తరసి లేని ద్రవాలకు అలవాటు చేసే పని నాచుతో సంబంధం లేకుండానే సాగుతోంది. ఏ దారి గెలిచినా మనకు మంచిదే.

మీకు రాగల సందేహాలు

ఇలా కణాలను పెంచి మాంసం చేస్తే, రేపు పాలూ అలాగే వస్తే మన గతేమిటి అని కొందరు అడగవచ్చు. ఈ భయం పూర్తిగా నిరాధారమని నేననను. 2020 డిసెంబరులో సింగపూర్, 2023లో అమెరికా కణాలతో పెంచిన కోడి మాంసం అమ్మకానికి అనుమతినిచ్చాయి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి, జాతీయ మాంస పరిశోధన సంస్థకు 2019లో ఇటువంటి పరిశోధనకు కేంద్రం నిధులిచ్చింది. రక్తరసి ఖరీదే ఆ మాంసానికి పెద్ద అడ్డంకి. నాచు వంటివి ఆ అడ్డంకిని తగ్గించవచ్చు. ఒకే పరిశోధన మీ పశువుకు చౌకైన, శుభ్రమైన టీకా ఇవ్వవచ్చు, మీ సరుకుకు పోటీనీ తేవచ్చు. కనుక కళ్లు మూసుకోవడం కాదు, తెలుసుకుంటూ ఉండడమే తెలివి. పాలు అనేవి కణాల ముద్ద కాదు. కొవ్వు, మాంసకృత్తులు, చక్కెర, ఖనిజాలు పొదుగు పొందికగా కలిపి ఇచ్చే ఆహారం. దానిని మించినది ప్రయోగశాల నుంచి మీ ధరకు వచ్చే రోజు నా కంటికి కనబడటం లేదు.

టీకాలో రక్తరసి కలుస్తుందంటున్నారు, మరి వేయించవచ్చునా అని ఇంకొకరు అడగవచ్చు. తప్పక వేయించాలి. గాలికుంటు టీకాలోనిది చంపిన వైరస్. ప్రతి విడతనూ పరీక్షించాకే విడుదల చేస్తారు. వేశాక ఒకటి రెండు రోజులు కొద్దిగా జ్వరం, పాలు కొంచెం తగ్గడం ఉండవచ్చు. అది తిరిగి వస్తుంది. రోగం వల్ల పోయిన పాలు రావు. ఎప్పుడైనా టీకా వేసిన వెంటనే పశువు మొహం వాచినా, ఆయాసపడినా పశువైద్యునికి చెప్పండి. అందుకోసమైనా టీకా వేసే రోజు ఇంట్లో ఒకరు పశువు దగ్గర ఉండాలి.

ఇక చివరిది. చెరువు నాచు పశువులకు మేపవచ్చునా? వద్దు. ప్రయోగశాలలో పెంచే నాచు వేరు, ఎండాకాలం చెరువు మీద పచ్చరంగు పోసినట్లు తేలే తెట్టె వేరు. ఆ తెట్టెలో విషజాతులు ఉండవచ్చు. 1878లోనే ఆస్ట్రేలియాలో ఒక సరస్సు మీద తేలిన తెట్టెతో కూడిన నీరు తాగి పశువులు చనిపోయిన సంగతిని జార్జ్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞుడు రాశాడు. అటువంటి నీరు కనిపిస్తే పశువులను అటు తోలకండి. అలాగే ఊరూరా తిరిగి "నాచు మందు, పాలు రెట్టింపు" అని అమ్మేవారిని నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

సంఘాలు చేయవలసినది

పరిశోధన శాస్త్రజ్ఞుల పని. టీకాను వృథా పోనీయకుండా చూడడం మన పని. ఎంత మంచి ద్రవంలో, ఎంత మంచి కణాలతో చేసిన టీకా అయినా, దారిలో ఎండకు వేడెక్కితే నీళ్లతో సమానం. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. గడ్డకట్టకూడదు. టీకా వచ్చే రోజు ఐసు పెట్టె సంగతి సంఘ కార్యదర్శి దగ్గరుండి చూడాలి. దూడలకు 4 నెలలు నిండగానే మొదటి మోతాదు, నెల తరువాత రెండవది, ఆపైన 6 నెలలకొకసారి వేయించాలి. ఊళ్లో సగం పశువులకు వేయించి సగం వదిలేస్తే రోగానికి తలుపు తీసిపెట్టినట్లే. సంఘంలో సభ్యత్వం లేని ఇంటి పశువుకు కూడా వేయించండి. వైరస్ సభ్యత్వ పుస్తకం చూసి రాదు.

రేపు రక్తరసి లేకుండా, నాచు సారంతోనో మరొక దానితోనో చేసిన టీకా వస్తే, "శక్తి పరీక్ష చేశారా? మన పశువుల మీద పనిచేసిందా? ధర ఎంత?" అని అడిగే హక్కు మీకు ఉంది. ఆ మూడు ప్రశ్నలు అడగండి. సమాధానం సరిగ్గా ఉంటే సంతోషంగా తీసుకోండి. కడుపులోని దూడ నెత్తురు లేకుండా కొట్టంలోని దూడ బతకగలిగితే, పాడి చేసి బతికే మనకన్న ఎక్కువగా సంతోషించవలసిన వారు ఎవరు?